మొదటి పైపులో ఏ పొగాకు? ఒక పాత ప్రశ్న, దాని వెనుక చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. పెన్షను లెక్కల గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ నా కంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే విషయం తీసుకున్నాను. ఆ విషయం నాకు అందించినవాడు మా మనవడు.

పోయిన సంక్రాంతికి వాడు ఇంటికి వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. అటక మీది పాత ట్రంకుపెట్టె దించుతుంటే అందులో గుడ్డలో చుట్టి ఉన్న నా పైపు వాడి చేతికి దొరికింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాతయ్యా, ఇది నీదా? మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఇలాంటిదే ఉంది. నేనూ ఒకటి కొందామనుకుంటున్నాను. కొత్తవాళ్లు మొదట ఏ పొగాకుతో మొదలుపెట్టాలి?" అని అడిగాడు. వాళ్ల నాయనమ్మ వంటింట్లోంచి, "చెప్పండి, బాగా చెప్పండి" అన్నది.

వెంటనే "వద్దు" అందామని నోటిదాకా వచ్చింది. కానీ 1971లో మా నాన్నగారు "వద్దురా" అంటే నేను విన్నానా? అందుకని ఆ ప్రశ్నకు ఉన్న చరిత్రను వాడికి రెండు రోజులపాటు చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

అక్బరు చక్రవర్తి మొదటి గుక్క

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ఓడల మీద మనకు వచ్చింది. 1604 ప్రాంతంలో అక్బరు కొలువులోని అసద్ బేగ్ అనే అధికారి రాచపని మీద బీజాపూరు వెళ్లాడు. అక్కడ ఆయన మొదటిసారి పొగాకు చూసి, కొంత మూటగట్టుకుని, రత్నాలు పొదిగిన అందమైన పైపు ఒకటి తయారుచేయించి ఆగ్రాకు తెచ్చాడు. మిగతా కానుకలతో పాటు దాన్నీ చక్రవర్తి ముందు పెట్టాడు.

అక్బరు ముచ్చటపడి పైపు అందుకున్నాడు. రాజవైద్యుడు వద్దన్నాడు. తెచ్చినవాడి మనసు నొప్పించడం ఇష్టంలేక చక్రవర్తి రెండు మూడు గుక్కలు పీల్చాడు. వైద్యుడు కంగారుపడి ఇక చాలన్నాడు. తరువాత సభలోనే వాదం నడిచింది. మన గ్రంథాలలో దీని ప్రస్తావన లేదు గనుక గుణదోషాలు తెలియవని వైద్యుల వాదన. ఐరోపావారు వాడుతున్నారు, వారిలోనూ తెలివైనవారున్నారు గదా అని అసద్ బేగ్ వాదన. చివరికి ఏమయిందో ఆయనే రాసిపెట్టాడు. చక్రవర్తి మాత్రం అలవాటు చేసుకోలేదు. కానీ సభలోని ప్రముఖులందరూ తమకూ కావాలన్నారు, వర్తకులు అమ్మకం మొదలుపెట్టారు, కొద్దికాలంలోనే అలవాటు పాకిపోయింది. 1617లో జహంగీరు నిషేధం విధించినా లాభం లేకపోయింది.

మా మనవడితో అన్నాను: "చూశావా, నాలుగు వందల ఏళ్ల క్రితం కూడా కొత్తవాడి చేతికి పైపు అందించేవాడు ఒకడున్నాడు. పొగాకు ఎన్నుకున్నది అక్బరు కాదు, తెచ్చినవాడు." మన కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడికి చుట్ట మహిమ బోధించడం మన తరం వారందరికీ గుర్తుండే ఉంటుంది. ఈ విద్యకు గురువులు ఎప్పుడూ కరువు లేదు.

చిన్న గిన్నె, పెద్ద సుంకం

ఇంగ్లండులో పైపు అంటే మొదట మట్టి పైపే. తెల్లమట్టితో చేసి కాల్చేవారు. తొలినాళ్ల పైపుల గిన్నె చాలా చిన్నది, చిటికెడు పొగాకు కూడా కష్టంగా పట్టేది. కారణం పొగాకు ఖరీదు. ధర దిగుతున్నకొద్దీ గిన్నె పెద్దదవుతూ వచ్చింది. తవ్వకాలలో దొరికిన పైపు గిన్నె పరిమాణం చూసి అది ఏ కాలానిదో పురావస్తు శాఖవారు ఈనాటికీ అంచనా వేస్తారు.

1604లోనే ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును దుయ్యబడుతూ చిన్న పుస్తకం రాశాడు. అది మెదడుకూ ఊపిరితిత్తులకూ చేటని అందులో చెప్పాడు. అంతటితో ఆగక పౌనుకు రెండు పెన్నీలున్న సుంకం మీద మరో 6 షిల్లింగుల 8 పెన్నీలు వడ్డించాడు. అయితే ఆ తరువాత ఖజానాకు వచ్చే రాబడి చూసుకున్నవారెవరూ పొగాకును పూర్తిగా వదులుకోలేకపోయారు. ప్రభుత్వ లెక్కలు రాసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలోని వర్జీనియా ప్రాంతంలో స్థానికులు పండించే పొగాకు ఘాటైనది, గొంతు పట్టేసేది. ఇంగ్లండువారికి అది రుచించలేదు. 1612 ప్రాంతంలో జేమ్స్‌టౌన్‌లో జాన్ రోల్ఫ్ అనే వలసదారు స్పెయిన్ వారి అధీనంలోని దక్షిణ ప్రాంతాల నుంచి మేలురకం విత్తనం సంపాదించి నాటాడు. ఆ ఆకు మెత్తగా, తియ్యగా ఉంది. ఆ వలస నిలదొక్కుకున్నది ఆ పంటతోనే. ఆ పంట కోసమే తరువాత ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చాకిరీ ఏళ్ల తరబడి సాగింది. ఘాటు తగ్గితే కొనేవారు పెరుగుతారన్న పాఠం వర్తకులకు అప్పుడే తెలిసింది.

పసుపు ఆకు, తెల్ల ఆకు

1839లో ఉత్తర కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో అబైషా స్లేడ్ అనే ఆసామి పొలంలో స్టీఫెన్ అనే బానిస యువకుడు కమ్మరి పని చేసేవాడు. ఆకు ఆరబెట్టే కొట్టంలో రాత్రిపూట మంట కాయడం కూడా అతని పనే. ఒక రాత్రి కునుకు పట్టి, లేచి చూసేసరికి నిప్పు ఆరిపోవస్తున్నది. భయపడి కొలిమి దగ్గరి బొగ్గులు తెచ్చి వేశాడట. ఒక్కసారిగా పొగలేని వేడి పుట్టి ఆకు బంగారు పసుపు రంగుకు తిరిగింది. ఆ ఆకుకు మంచి ధర వచ్చింది. స్లేడ్ సంపన్నుడయ్యాడు. పొగ ఆకుకు తగలకుండా గొట్టాల ద్వారా వేడి మాత్రమే పంపే పద్ధతి క్రమంగా స్థిరపడింది. మన బ్యారన్లకు మూలం అదే.

ఆ వేడిలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆకు త్వరగా ఎండిపోవడంతో ఆ చక్కెర అందులోనే నిలిచిపోతుంది. అందుకే పసుపు ఆకు పొగ మెత్తగా ఉంటుంది.

1864లో ఒహాయో రాష్ట్రంలోని బ్రౌన్ కౌంటీలో ఒక రైతు నారుమడిలో వింతగా తెల్లబారిన మొక్కలు మొలిచాయి. అదే తెల్ల బర్లీ. దాన్ని నీడలో గాలికి ఆరబెడతారు. దానిలో చక్కెర చాలా తక్కువ. కానీ స్పంజిలాగా ఏ పాకం పోస్తే ఆ పాకం పీల్చుకుంటుంది. బెల్లంపాకం, కోకో, వెనిల్లా, మద్యం ఏది కలిపినా తనలో దాచుకుంటుంది. దుకాణంలో సీసా మూత తీయగానే మిఠాయి వాసన వచ్చే పైపు పొగాకులో చాలావాటికి ఆధారం ఈ ఆకే.

కొత్తవారికి చూపే మెట్లు

పైపు గిన్నెకు మట్టి పోయి, పంతొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి బ్రయర్ అనే మధ్యధరా ప్రాంతపు పొద వేరుమొద్దు వచ్చింది. ఫ్రాన్సులోని సెయింట్ క్లోడ్ పట్టణం ఆ పనికి పేరు పొందింది. ఆ కర్ర నిప్పుకు త్వరగా కాలిపోదు.

పొగాకులో కూడా రకాలు స్థిరపడ్డాయి. పసుపు వర్జీనియా ఆకును ఒత్తి, అచ్చు చేసి, పలకలుగా కోసినది ఒకటి. పాకం పోసిన బర్లీ మరొకటి. సిరియా దేశపు లటాకియా రేవు పేరుతో వచ్చిన నల్లటి ఆకు ఇంకొకటి. దాన్ని కట్టెల పొగలో పట్టి ఆరబెడతారు గనుక పొయ్యిదగ్గర వేలాడగట్టిన వస్తువులా వాసన వస్తుంది. లూసియానాలోని సెయింట్ జేమ్స్ ప్రాంతంలో పీపాలలో ఒత్తిపెట్టి నెలల తరబడి పులియబెట్టే పెరిక్ అనేది మసాలా వంటిది, చిటికెడు కలిపితే చాలు.

కొత్తవారికి దుకాణదారులూ, అనుభవజ్ఞులూ చెప్పే దారి దాదాపు ఒకటే. ముందు తీపి వాసన వేసిన మెత్తని రకం తీసుకో. అది అలవాటయ్యాక లటాకియా కలిపిన మిశ్రమాలకు వెళ్లు. ఆపైన వర్జీనియా పలకల రుచి తెలుసుకో. గట్టిగా కూరవద్దు, గబగబా పీల్చవద్దు, మరీ తడిగా ఉంటే కాసేపు ఆరనివ్వు. ఇవన్నీ నాలుక మండకుండా ఉండటానికే. ఒక్కొక్క మెట్టూ ఎంత జాగ్రత్తగా అమర్చారో చూడండి.

అమెరికాలో 1907లో రెనాల్డ్స్ కంపెనీ ప్రిన్స్ ఆల్బర్ట్ అనే బర్లీ పొగాకు తెచ్చింది. ఇది నాలుకను చుర్రుమనిపించదు అన్నదే ప్రకటనలలో దాని గొప్ప. అంటే అప్పటికే పైపు పట్టినవాడికంటే, నాలుక మండి పైపు పక్కన పెట్టేసినవాడినీ, ఇంకా మొదలుపెట్టనివాడినీ ఉద్దేశించిన మాట అది.

సాహిత్యమూ తన వంతు సాయం చేసింది. జె. ఎం. బారీ 1890లో పైపు మీద ఒక హాస్యగ్రంథం వేసి, అందులో ఆర్కేడియా అనే మిశ్రమాన్ని ఆకాశానికెత్తాడు. అది నిజానికి లండన్‌లోని కరెరాస్ వారి క్రేవెన్ మిక్స్చర్ అని తరువాత ఆయన ఒప్పుకున్నాడు. కంపెనీవారికి అంతకంటే ఏం కావాలి? విచిత్రమేమిటంటే, ఆ పుస్తకం పెళ్లి కోసం పొగ మానేసినవాడి కథ.

మన గుంటూరు ఆకు

ఇదంతా పరాయి దేశాల ముచ్చట అనుకోవద్దు. మన జిల్లాలలో చుట్టకు వాడే నాటు పొగాకు, గోదావరి లంకలలో పండే లంక పొగాకు ఎంతోకాలంగా ఉన్నాయి. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. 1920లలో గుంటూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో వర్జీనియా సాగు వేళ్లూనుకుంది. ఆ దశకం ముగిసేసరికి పల్లెలలో బ్యారన్లు లేచాయి. బ్రిటన్ 1919 నుంచి సామ్రాజ్య దేశాల పొగాకుకు సుంకంలో రాయితీ ఇవ్వడంతో మన ఆకు అక్కడికి దారిపట్టింది. లండన్‌లో ఒక గుమాస్తా చవకరకం పైపు పొగాకు కొనుక్కుంటే అందులో మన రైతు పండించిన ఆకు ముక్క ఉండే అవకాశం ఉండేది.

1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం పద్ధతి వచ్చాక రైతుకు వర్తకుడి గడప తొక్కే అవస్థ కొంత తగ్గింది. పచ్చాకు కర్రలకు కట్టినవారు, రాత్రిళ్లు బ్యారన్ దగ్గర వేడి చూస్తూ కూర్చున్నవారు, గ్రేడింగు షెడ్లలో ఈనె తీసిన ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ ఆకు అమ్మి చదివించిన పిల్లలు మన ఉద్యోగాలలోకి వచ్చారు. నేను కూడా అలా చదివినవాడినే. కాబట్టి పొగాకును తిట్టి చేతులు దులుపుకునే అర్హత నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడమే నేను చేయగలిగినది.

నా మొదటి డబ్బా

1971లో నేను ఒక జిల్లా కార్యాలయంలో గుమాస్తాను. మా పై అధికారి ఒకాయన పైపు కాల్చేవారు. ఫైలు ముందు పెడితే వెంటనే బదులు చెప్పేవారు కాదు. పైపు వెలిగించి, రెండు గుక్కలు పీల్చి, అప్పుడు మాట్లాడేవారు. ఆ వ్యవధిలో మేము చెమటలు పట్టి నిలబడేవాళ్లం. పెద్దరికమంతా ఆ పైపులోనే ఉందనుకున్నాను.

మద్రాసు వెళ్లినప్పుడు ఒక పైపు కొన్నాను. పొగాకు గురించి ఏమీ తెలియక, డబ్బా మీది బొమ్మ బాగుందని ఒక నల్లటి ఘాటురకం తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం డాబా మీద గట్టిగా కూరి, ఆరిపోతుందేమోనని గబగబా పీల్చాను. పావుగంటలో నాలుక పచ్చిపుండయింది. తల తిరిగింది. మెట్లు దిగలేక అక్కడే కూర్చున్నాను. మా ఆవిడ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తెచ్చి పోసింది. ఇక ఈ జన్మలో ముట్టనని డబ్బా పారేశాను.

అక్కడితో పోయేదే. కానీ మా సెక్షనులో నాకంటే సీనియరు ఒకాయన, మంచి స్నేహితుడు, సంగతి విని నవ్వి, "ఎన్నిక తప్పయ్యా, నీ తప్పేం లేదు" అన్నాడు. మరునాడు తన డబ్బాలోంచి కొంచెం పొట్లం కట్టి ఇచ్చాడు. వెనిల్లా వాసన. నాలుక మండలేదు, తల తిరగలేదు. మా ఆవిడ కూడా వాసన బాగుందన్నది. ఘాటు పొగాకు ఒక్క మధ్యాహ్నంతో నన్ను వదిలేసింది. ఆ తియ్యటి పొట్లం 19 ఏళ్లు వదల్లేదు.

వైద్యులు చెప్పినది

పైపు పొగ ఊపిరితిత్తులదాకా మింగరు గనుక ప్రమాదం లేదని ఆ రోజులలో అందరమూ నమ్మేవాళ్లం. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ బ్రిటన్‌లో పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సంబంధం చూపించారు. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చాక సిగరెట్టు మాని పైపు పట్టినవారు కూడా అక్కడ చాలామంది ఉన్నారు. అదే నివేదిక పైపు వల్ల పెదవి క్యాన్సరు వస్తుందని చెప్పినా ఆ మాట అంతగా ఎవరి చెవికీ ఎక్కలేదు. నోటి లోపలి పొర ద్వారా కూడా నికోటిన్ రక్తంలో కలుస్తుందనీ, పైపు వల్ల నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వస్తాయనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. సిగరెట్టు నుంచి పైపుకు మారినవారిలో చాలామంది పొగను లోపలికి పీల్చే అలవాటు మానుకోలేరని కూడా తేలింది.

మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల కోస్తా గ్రామాలలో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డ పొగ అలవాటును వైద్యులు ఏళ్ల తరబడి పరిశీలించారు. అంగిలి మీద వచ్చే క్యాన్సరుకు దానితో సంబంధం ఉన్నట్టు తేల్చారు. పొగ ఊపిరితిత్తులలోకి పోయిందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదని మన ఊళ్ల ఆడవాళ్ల నోళ్లే ప్రపంచానికి సాక్ష్యం చెప్పాయి.

1990లో నా చెంప లోపల తెల్లటి మచ్చ ఒకటి కనబడింది. పంటినొప్పికి వెళితే డాక్టరు గారు చూసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేవరకు పది రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. అదృష్టవశాత్తు అది ముదరలేదు. ఆ రోజునుంచి పైపు పెట్టెలోకి వెళ్లిపోయింది. నాకు పొట్లం కట్టి ఇచ్చిన స్నేహితుడికి ఆ అదృష్టం లేకపోయింది. రిటైరయి రెండేళ్లు తిరక్కుండానే పోయాడు. చివరి నెలల్లో మాట రాక, పలక మీద రాసి చూపేవాడు. నా మీద అభిమానంతోనే ఆ పొట్లం ఇచ్చాడు. అతని మీద నాకు ఈనాటికీ కోపం లేదు.

మనవడికి చెప్పిన జవాబు

కథంతా విని మా మనవడు, "అయితే తాతయ్యా, మెత్తనిది ఎన్నుకోవడమే తప్పంటావా?" అని అడిగాడు.

నేను చెప్పినది ఇది. ఏ పొగాకుతో మొదలుపెట్టాలన్న ప్రశ్న మనం వేసుకున్నట్టు ఉంటుంది గానీ, అందులో మొదలుపెట్టడం అనేది అప్పటికే నిర్ణయమైపోయింది. రోల్ఫ్ విత్తనం, స్లేడ్ కొట్టంలోని వేడి, ఒహాయో తెల్ల ఆకు, దాని మీది పాకం, నాలుక మండదన్న ప్రకటన, ఇవన్నీ కలిసి కొత్తవాడి ఒంటికి పుట్టే సహజమైన అయిష్టాన్ని ఒక్కొక్కటిగా తొలగించాయి. మొదటిరోజు నా తల తిరగడం, నాలుక మండటం నా ఒంటి హెచ్చరిక. దాన్ని నేను ఎన్నికలో పొరపాటుగా లెక్కకట్టుకున్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఊరికి వెళ్లేటప్పుడు పైపు తను తీసుకువెళతానన్నాడు. వాళ్ల నాయనమ్మ ఒప్పుకోలేదు. "బల్లమీద పెట్టుకుంటాను నాయనమ్మా, తాతయ్య గుర్తుగా" అని బతిమాలాడు. చివరకు ఆమె పైపు గిన్నెలో ఇంత లక్క కరిగించి పోసి, చల్లారాక వాడి చేతికి ఇచ్చింది. ఇప్పుడు అది వాడి బల్లమీద ఉంది. ఫోటో పంపాడు.

మన సభ్యులలో పొగాకు బోర్డులో, పరిశోధన సంస్థలో, వేలం కేంద్రాలలో పనిచేసినవారు, స్వయంగా బ్యారన్ కాసినవారు ఉన్నారు. వారు తమ అనుభవాలు రాసి పంపితే రాబోయే సంచికలలో ఈ చరిత్ర నిండుగా వస్తుంది. ఇంకా పైపో, చుట్టో, సిగరెట్టో వదలలేక ఉన్న మిత్రులు నోటిలో మానని పుండుగానీ, తెల్లమచ్చగానీ కనబడితే రేపు మాపు అనకుండా డాక్టరుకు చూపించుకోవలసిందిగా నా మనవి. వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు కాగితాలు నింపడంలో సాయం కావాలంటే ఆదివారం ఉదయం సంఘం కార్యాలయంలో ఉంటాను.

సెలవు.